రామమ్మ అడిగిన పప్పు

తెల్లవారకముందే శాంతవ్వ పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు చరుస్తోంది. తాండూరు బండల గనికి కూలికి పోయే ఇల్లు కాబట్టి అందరికంటే ముందు ఆ ఇంట్లోనే పొగ లేస్తుంది. కొడుకు చంద్రప్ప కంచంలో రెండు రొట్టెలు పెట్టి, గిన్నె నిండా కందిపప్పు పోసి, పక్కన ఉల్లిగడ్డ చితక్కొట్టి పెట్టింది. గోడవార ముడుచుకుని కూర్చున్న కోడలు భాగమ్మ ముందు మాత్రం ఒక రొట్టె, చిటికెడు ఎల్లిపాయ కారం, ముంతెడు నీళ్లు.

"అత్తా, జర పప్పు పొయ్యవా," అంది భాగమ్మ, మొగుడి గిన్నెవైపు చూస్తూ.

శాంతవ్వ చేతిలో రొట్టె ఆగిపోయింది. సరిగ్గా ఆ మాటే, ఆ గొంతుతోనే, ఇంకొకామె అడగడం ఆమె ఎప్పటికీ మరిచిపోలేదు.

"పత్తెంల పప్పేంది బిడ్డా? ఒళ్లంత పుండ్లు. కడుపు నిలుస్తలేదాయె. జర ఓర్సుకో," అంది.

"ఇంకెన్నొద్దులు ఓర్సుకోవాలె?"

"పొద్దుగాల్నే షురూ జేసింది," అన్నాడు చంద్రప్ప పప్పులో రొట్టె ముంచుకుంటూ. "అవ్వ జెప్పింది తిని పడుండు."

మనవరాలు శంకరమ్మ పుట్టి రెండేళ్లు దాటింది. బాలింతకు పప్పు వాతమని మొదట శాంతవ్వ పప్పు మాన్పించింది. తర్వాత ఎండాకాలం వచ్చేసరికి భాగమ్మ చేతులు మోచేతుల దాకా నల్లబడి, చింతచెట్టు బెరడులా పగిలాయి. పుండ్లకు పడవని గుడ్డు, పల్లీలు ఆపింది. కడుపు జారుతోందని పాలు ఆపింది. జబ్బు ఒక మెట్టెక్కినప్పుడల్లా పత్యం ఇంకో మెట్టెక్కింది. లంఖణం పరమౌషధమని ఆమె నమ్మకం. శాంతవ్వలాగా పత్యం పెట్టే అత్త చుట్టుపక్కల లేదని పేరు కూడా ఉంది. ఆ పేరంటే ఆమెకు లోలోపల గర్వం.

ఈ ఏడు భాగమ్మ మెడ చుట్టూ నల్లని పట్టీ తేలింది, ఎవరో రెండు చేతులతో గొంతు పట్టుకుని వదిలినట్టు. ఆ నలుపు కిందే చిన్న వెండి బిళ్ళ వేలాడుతోంది. మొదటి భార్య చనిపోతే ఆమె పేరున వెండి బిళ్ళ చేయించి రెండో భార్య మెడలో కట్టడం వాళ్ల ఇళ్లల్లో ఆచారం. ఆ బిళ్ళ చంద్రప్ప మొదటి భార్య రామమ్మది. రామమ్మకూ చివరి ఏడాది చేతులు ఇలాగే పగిలాయి, మెడ ఇలాగే నల్లబడింది. రాత్రీ పగలూ నిద్రలేక, ఎదురొచ్చినవాళ్ల మీద రాళ్లు విసిరింది. చంద్రప్ప కొట్టి కొట్టి, ఆఖరికి బండెక్కించి పుట్టింటికి తోలాడు. వానలు పడకముందే చచ్చిపోయిందని కబురొచ్చింది.

బండి కదులుతుంటే రామమ్మ తల బయటపెట్టి అడిగింది: "అత్తా, రొట్టె మీద జర పప్పు వోసియ్యవా, తొవ్వల తింట."

"పత్తెం ఇడిస్తె పానం పోతది బిడ్డా," అంది శాంతవ్వ. ఇవ్వలేదు.

ఆనాటి నుంచి ఇంట్లోంచి ఎవరు ఊరికి బయలుదేరినా శాంతవ్వ వాకిట్లోకి వచ్చేది. వచ్చిన చుట్టం వెళ్లిపోతున్నా సరే, బండి చప్పుడు వినబడినంతసేపూ గడప పట్టుకుని నిలబడేది.

ఆ రోజు మధ్యాహ్నానికే చంద్రప్ప గని నుంచి వచ్చేశాడు. వెంట మంత్రగాడు అంజిలయ్య ఉన్నాడు. అతని చేతిలో చింతబరిగె, చంకలో చంద్రప్ప కొనిచ్చిన నల్లకోడి.

"మెడ జూస్తేనే ఎర్కయితుంది," అన్నాడు అంజిలయ్య, భాగమ్మ గడ్డం పైకెత్తి. "సవతి పట్టింది. గొంతు వట్టిన చేతి ఏళ్ల గుర్తులు గూడ ఉన్నయి."

భాగమ్మను వాకిట్లో కూర్చోబెట్టారు. చంద్రప్ప ఆమె జుట్టు చేతికి చుట్టుకుని పట్టుకున్నాడు. మొదటి దెబ్బకు పగిలిన చేతుల మీద చర్మం ఊడొచ్చింది.

"ఎవ్వతివే నువ్వు? చెప్పు!"

"భాగమ్మను! నేను భాగమ్మను!"

"అబద్ధం!" మళ్లీ బరిగె దిగింది. వీపు మీద, భుజం మీద, అడ్డం పెట్టిన అరచేతుల మీద. వాడకట్టు ఆడవాళ్లు గోడల మీంచి చూస్తున్నారు. శాంతవ్వ మనవరాలి ముఖాన్ని కొంగులో దాచింది గానీ, తన కళ్లు మూసుకోలేకపోయింది.

"చెప్పు! ఎవ్వతివి?"

"రామమ్మను," అని అరిచింది భాగమ్మ ఆఖరికి. "రామమ్మనే, కొట్టకు!"

అంజిలయ్య నవ్వాడు. "గట్ల రా తొవ్వకు. ఏం గావాలె నీకు?"

భాగమ్మ తల వాల్చేసింది. నోటి నుంచి చొంగ కారుతోంది. "పప్పు," అంది. "రొట్టె మీద పప్పు గావాలె."

శాంతవ్వ మనవరాలిని గట్టిగా హత్తుకుంది. బండి దగ్గర రామమ్మ ఏమడిగిందో తనకు తప్ప ఎవరికీ తెలియదు. అప్పుడు చంద్రప్ప ముందు ఎడ్ల దగ్గరున్నాడు, అతనూ వినలేదు. ఇంకేం అనుమానం మిగిలింది? వచ్చింది రామమ్మే.

"పెడ్తనయ్యా," అని లేవబోయింది. "పెడ్తె పోతదేమో."

"పెట్టకు! అడిగింది పెడ్తె ఇల్లు ఇడువది," అని కసిరాడు అంజిలయ్య. "కొడవలి కాల్చుకరా చంద్రప్పా. వాత పెడ్తె లేసి ఉర్కుతది."

చంద్రప్ప పొయ్యిలోంచి తెచ్చిన ఎర్రటి కొడవలి చూడగానే భాగమ్మలో ఎక్కడి బలం వచ్చిందో, ఒక్క ఉదుటున లేచింది. రోటి పక్కనున్న పొత్రాన్ని రెండు చేతులతో ఎత్తి అంజిలయ్య మీదికి విసిరింది. అది అతన్ని తప్పి, శంకరమ్మ చెవి పక్కగా పోయి గోడ బండకు తగిలి రెండు ముక్కలైంది. పసిది కెవ్వుమంది.

"నా బిడ్డను సంపుతవానే!" చంద్రప్ప ఎడ్ల పగ్గం అందుకున్నాడు. దెబ్బ మీద దెబ్బ. కింద పడినా ఆగలేదు. కాలితో డొక్కలో తన్నాడు. భాగమ్మ అరుపు ఆగిపోయి గురక లాంటి చప్పుడు మొదలైంది. అప్పుడు శాంతవ్వ పిల్లను కింద పడేసినట్టే దించి, కోడలి మీద బోర్లా పడింది. పగ్గం చివరి ముడి ఆమె నుదుటి మీద తగిలింది. రక్తం కంట్లోకి కారింది.

"అవ్వా! లెవ్వు!"

"లెవ్వనురా. నన్ను సంపినంకనే దీన్ని సంపు!"

చంద్రప్ప చేయి దిగింది. అంజిలయ్య అప్పటికే కోడిని చంకన పెట్టుకుని వాకిలి దాటాడు.

"పొద్దుగూకేలోపట ఇది నా ఇంట్ల ఉండొద్దు," అన్నాడు చంద్రప్ప రొప్పుతూ. "కొడంగల్ల దాని అవ్వగారింటికి తోలిస్త. బిడ్డ ఈడ్నే ఉంటది." పగ్గం విసిరేసి కల్లుకాంపౌండు దారి పట్టాడు.

బండి. మళ్లీ బండి. శాంతవ్వకు నుదుటి నొప్పి తెలియలేదు. తల్లి కోసం చేతులు చాపి ఏడుస్తున్న పిల్లనూ, నేల మీద ముద్దగా పడున్న కోడలినీ మార్చి మార్చి చూసింది. ఇదీ పోతుంది. వానలు పడకముందే కబురొస్తుంది.

పక్కింటి మార్త నీళ్లూ పాతగుడ్డా తీసుకుని వచ్చింది. ఆమె వికారాబాదులో ఒక దవాఖానలో రోగులకు సేవచేసే పనిలో ఉంది. అమ్మను చూడడానికి ఊరికి వచ్చింది.

"గోడ మీంచి జూసుకుంట ఊకున్న. సిగ్గయితుంది పెద్దమ్మా," అంటూ నుదుటికి కట్టు కట్టింది. తర్వాత భాగమ్మ మెడ చూసి, చేతులు తిప్పి తిప్పి చూసింది.

"సవతి పట్టింది," అంది శాంతవ్వ.

"దయ్యమో గియ్యమో నాకెర్క లేదు. గిసొంటి మెడలు మా దవాఖాన్ల మస్తు జూసిన. అన్ని ఒక్క తీర్గనే ఉంటయి. గంతమందికి సచ్చిన సవతులున్నరా పెద్దమ్మా?"

శాంతవ్వ కోడలి మెడ మీది జుట్టు పక్కకు తీసి మళ్లీ చూసింది.

"జబ్బు పేరు నాకు తెల్వది. డాక్టరమ్మకు తెలుస్తది. కొడంగల్ తోలే బదులు వికారాబాద్ తోల్కరా. నేనొస్త నీ ఎంట."

కొడుకుతో అబద్ధమాడడం శాంతవ్వకు అలవాటు లేదు. ఆ రోజు మాత్రం ఎదురింటామెతో, "చంద్రప్పొస్తె, కోడలిని కొడంగల్ల దింపి వస్తనని చెప్పు," అంది. పిల్లను చంకనెత్తుకుని, మార్తా తనూ చెరోపక్క భాగమ్మను పట్టుకుని తాండూరు స్టేషనుకు నడిపించారు. రైల్లో భాగమ్మ కిటికీలోంచి దూకబోయింది. ఆపిన అత్త చేతిని రక్తం వచ్చేలా కొరికింది. శాంతవ్వ చేయి లాక్కోలేదు. వికారాబాదు వచ్చేదాకా ఆ చేత్తోనే పట్టుకుంది.

డాక్టరమ్మ నడివయసు మనిషి. భాగమ్మ నాలుక చూసింది. పచ్చిమాంసంలా ఎర్రగా ఉంది. వీపు మీది దెబ్బల వాతలు చూసి పెదవి కొరుక్కుంది.

"ఈమె రోజూ ఏం తింటుంది అవ్వా?"

ఈ ప్రశ్నకు శాంతవ్వ దగ్గర మంచి జవాబుంది. వంగిన నడుము కొంచెం నిటారుగా అయింది.

"పక్కా పత్తెమమ్మా. జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం, గంతే. పప్పు పొయ్యలే, పాలు పొయ్యలే, గుడ్డు సూపియ్యలే. పల్లిగింజ గూడ నోట్లె ఎయ్యనియ్యలే. రెండేండ్ల సంది ఒక్కపూట తప్పియ్యలే. మా దిక్కు నా లెక్క పత్తెం వెట్టినోళ్లు లేరు."

డాక్టరమ్మ రాస్తున్న కలం ఆపింది.

"అవ్వా, ఆ పత్యమే ఈమె జబ్బు."

"ఏందమ్మా?"

"జొన్నరొట్టె మంచిదే. కానీ ఉత్త రొట్టె మీదే ఏళ్లు గడిస్తే ఒంటికి కావలసిన సత్తువొకటి అందదు. అప్పుడు ఎండ తగిలిన చోటల్లా తోలు మాడుతుంది. రవికె కప్పని మెడ, చేతులు, పాదాలు. తర్వాత కడుపు చెడుతుంది. ఆ తర్వాత మతి చెడుతుంది. నువ్వు పప్పు ఆపినకొద్దీ జబ్బు పెరిగింది."

"మరి దయ్యం... దయ్యం పప్పెందుకడిగిందమ్మా?"

"దయ్యం కాదవ్వా. ఆకలైన ఒళ్లు అడిగింది."

శాంతవ్వ కోడలి మెడలోని వెండి బిళ్ళను పట్టుకుంది. "ఇంకొగామెకు గూడ ఉండె," అంది. "గిదే మెడ. గదే పప్పడిగింది. బండెక్కి అడిగింది."

డాక్టరమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. శాంతవ్వ వరండాలోకి వెళ్లి, స్తంభానికి తల కొట్టుకుంది. నుదుటి కట్టు తడిసిపోయినా ఆపలేదు. మార్త వచ్చి రెండు చేతులూ పట్టుకోవలసి వచ్చింది.

గోలీలు మొదలైన కొద్దిరోజులకే భాగమ్మకు నిద్ర పట్టింది. ఒకనాడు పొద్దున కూతురిని పేరు పెట్టి పిలిచింది. పప్పన్నం కలిపి పెడుతుంటే అత్త చేతి మీది పంటిగాట్లు చూసి, "ఎవలు కొరికిండ్రు?" అని అడిగింది.

"కుక్క," అంది శాంతవ్వ.

చంద్రప్ప కొడంగల్ పోయి వెతికి, అక్కడ లేరని తెలిసి, వాకబు చేసి చేసి దవాఖానకు వచ్చాడు. వరండాలోనే తల్లి భుజం పట్టి గుంజాడు.

"నాతోని అబద్ధమాడి దయ్యాన్ని రైలెక్కిస్తవా? నా బిడ్డ ఏది?" చెయ్యి పైకి లేచింది.

"కొట్టు," అంది శాంతవ్వ. ముఖం అడ్డం తిప్పుకోలేదు. "కానీ ఇనుకుంట కొట్టు. దయ్యం లేదు, గియ్యం లేదు. పప్పు పెట్టక నేను మాడ్పిన. మాడినదాన్ని నువ్వు కొట్టినవ్. రామిని గూడ గట్లనే సంపినం రా, మనిద్దరం గల్సి."

లేచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. గది గుమ్మంలో భాగమ్మ నిలబడి ఉంది. మెడ మీది నలుపు పొట్టు పొట్టుగా రాలుతోంది, కింద లేతచర్మం వస్తోంది.

"పొత్రం ఇసిరిన్నంట. నాకు యాదికి లేదు," అంది నెమ్మదిగా. "నువ్వు తన్నింది మాత్రం ప్రతిదీ యాదికుంది."

చంద్రప్ప గోడకు ఆనుకుని కిందికి జారాడు. "రామి గూడ కొట్టొద్దని మొక్కింది," అన్నాడు, ఎవరితోనో చెబుతున్నట్టు. "దయ్యం మొక్కుతున్నదనుకున్న." అరచేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. బండలు మోసే ఆ పెద్ద భుజాలు కదులుతుంటే, రాళ్లు కొట్టే చప్పుడు లాంటి ఏడుపు బయటికొచ్చింది. శంకరమ్మ భయపడి తల్లి కాళ్లు పట్టుకుంది.

భాగమ్మ అతన్ని ఓదార్చలేదు.

"ఇంటికొస్త," అంది. "అత్త కోసం, బిడ్డ కోసం వస్త. మల్ల చెయ్యి లేస్తె, కొడంగల్ నన్ను ఎవ్వలు తోలేది లేదు. బిడ్డనెత్తుకొని నేనే పోత."

వచ్చేటప్పుడు డాక్టరమ్మ శాంతవ్వకు మళ్లీ చెప్పింది. ఇది ఒకసారి తగ్గి మరిచిపోయే జబ్బు కాదు. రొట్టెతో పప్పో, పల్లీలో, పాలో, గుడ్డో, ఆకుకూరో రోజూ ఉండాలి. మానేస్తే వచ్చే ఎండలకు మళ్లీ మెడ చుట్టుకుంటుంది. శాంతవ్వ ఆ మాటలను దారి పొడవునా మంత్రంలా నెమరేసుకుంది. పత్యం పెట్టడంలో పట్టుదల ఆమెకు ఎలాగూ ఉంది. ఇప్పుడు ఆ పట్టుదల అంతా పప్పు మీదికి మళ్లింది. మగవాడు తిన్నాక మిగిలింది కోడలికనే పద్ధతి పోయింది. చంద్రప్ప గిన్నెలోకి పప్పు పడేముందే భాగమ్మ గిన్నె నిండుతోంది. అతను తన వంతు వచ్చేదాకా ఆగి తింటున్నాడు.

పెద్దల అమాస వచ్చింది. ఆ రోజు చనిపోయినవాళ్ల పేరున వండి పెడతారు. శాంతవ్వ తమ చేనులో పండిన కందులే తిరగలిలో విసిరి, పప్పు మెత్తగా ఉడికించి, ఎల్లిపాయ పోపు పెట్టింది. భాగమ్మ మెడలోంచి వెండి బిళ్ళ తీసి పీట మీద పెట్టింది. ఆ మెడ ఇప్పుడు నున్నగా ఉంది. పీట ముందు విస్తరి వేసి, వేడిరొట్టె పెట్టి, దాని మీద పప్పు పోసింది. రొట్టె నానేదాకా పోసింది.

"తిను బిడ్డా, రామమ్మా," అంది. "పత్తెం ఒడిసింది."

కొంగు నోట్లో కుక్కుకుని చాలాసేపు అక్కడే కూర్చుంది. చంద్రప్ప వచ్చి, తల్లి పక్కన తల వంచుకుని కూర్చున్నాడు. ఎవరూ ఎవరినీ లేపలేదు.

వెనక నుంచి భాగమ్మ కంచం చాపింది.

"అత్తా, నాకు గూడ జర పప్పు పొయ్యి."

శాంతవ్వ కళ్లు తుడుచుకోకుండానే కుండ దగ్గరికి లాక్కుంది. గరిటె అడుగుకు తగిలి గీరుకునేదాకా పోస్తూనే ఉంది.