నిద్రలో తీసిన కొలత

మంగళవారం పొద్దున తొమ్మిదికి భూమేశ్వర్ తన చెప్పుల దుకాణం షట్టర్ లేపి, మెట్ల మీద నీళ్లు చల్లి, దేవుడి పటం ముందు అగరుబత్తి వెలిగించాడు. ఆర్మూర్ పాత బస్టాండు దగ్గర ఆ దుకాణం పెట్టి ఇరవై ఎనిమిదేళ్లయింది. చుట్టుపక్కల పిల్లలు చాలామంది మొదటి జోడు అక్కడే తొడుక్కున్నారు. వాళ్లలో కొందరు ఇప్పుడు తమ పిల్లల్ని ఎత్తుకొని వస్తున్నారు. ఆ సంగతి నలుగురికీ చెప్పుకోవడం భూమేశ్వర్‌కు ఇష్టం. చెప్పుకోవడానికి ఇంకేం ఉంది గనక.

పక్క దుకాణం టైలర్ నసీర్ రెండు చాయ్ గ్లాసులు పట్టుకొని వచ్చాడు.

"ముబారక్ భూమేశ్వర్ భాయ్! మనుమరాలు నడుస్తుంది కదా. మిఠాయి ఏది?"

భూమేశ్వర్ చేతిలో అగ్గిపెట్టె అట్లాగే ఉండిపోయింది. "ఎవలు చెప్పిండ్రు?"

"ఒకలు చెప్పుడేంది, నిన్న మార్కెట్ యార్డుకు పోయిన, నా కండ్లతోని చూసిన. మీ వియ్యంకుడు పోశెట్టి గీ దిక్కు కూసున్నడు. పోరి గా దిక్కుకెళ్లి వచ్చింది. ఏక్, దో, తీన్... ఐదు అడుగులు! పసుపు ఏరే ఆడోళ్లంత చప్పట్లు కొట్టిండ్రు. నీకు ఎరికలేదా?"

"ఎందుకు ఎరికలేదు? ఎరికనే," అన్నాడు భూమేశ్వర్. చాయ్ ఒక్క గుక్కలో మింగి నాలుక కాల్చుకున్నాడు.

"కానీ ఒక్క మాట. ఉత్తకాళ్లతోని నడుస్తుంది భాయ్. చెప్పుల సేటు మనుమరాలి కాలికి చెప్పు లేదని అందరు ఒకటే నవ్వుడు."

నసీర్ పరాచికానికే అన్నాడు. అది భూమేశ్వర్ గుండెలో చేప ముల్లులా దిగింది.

భూమేశ్వర్ కూతురు పూర్ణిమ బ్యాంకులో పని చేస్తుంది. అల్లుడు జగన్ కరెంటాఫీసులో లైన్‌మన్. ఊరి చివర పెర్కిట్‌లో ఉంటారు. పూర్ణిమ కాన్పు సెలవు అయిపోయిన నాడు పాపను పగటిపూట తన ఇంట్లో దించమని భూమేశ్వర్ అడిగాడు. తల్లి లక్ష్మీబాయికి మోకాళ్ల నొప్పులు, తండ్రికి దుకాణం, పాపను ఎవరు చూస్తారని కూతురే వద్దంది. పాప లాస్య, జగన్ తండ్రి పోశెట్టి చేతికి పోయింది.

పోశెట్టి ముప్పై ఏళ్లు యార్డులో హమాలీ చేసి నడుము పోగొట్టుకున్నాడు. ఇప్పుడు పసుపు రోజుల్లో కుప్పల దగ్గర కాపలా కూర్చుంటాడు. పాప అతని పక్కనే గోనె సంచి మీద ఆడుకుంటుంది. సంతకం చేయడానికే చెమటలు పట్టే మనిషి. ఏడో తరగతి దాకా చదివి, సొంత దుకాణం పెట్టుకొని, పదిమందితో సేటు అనిపించుకున్న తాను ఉండగా పాపకు ఆయనే లోకమయ్యాడు. ఈ ఒక్క ముక్క భూమేశ్వర్‌కు ఎన్ని నెలలైనా అరగలేదు.

మధ్యాహ్నం కూతురికి ఫోన్ చేశాడు.

"పిల్ల నడిచిందట గదా. తాతను నేను సచ్చిననుకున్నవా? ఊరంత ఎరికైనంక నాకు ఎరికైతది!"

"బాపూ, నేను గూడ చూడలే," అంది పూర్ణిమ. "నేను కౌంటర్ మీద కూసున్న. మామ చెప్తే విన్న. కన్నతల్లిని, నాకు బాధ లేదా?"

ఆ మాటకు ఇంకొకరైతే కరిగేవారు. భూమేశ్వర్ ఫోన్ పెట్టేశాడు. ఆ రోజు ఎవరి కాలికి ఏ చెప్పు తొడిగినా యార్డులో పడ్డ ఆ ఐదు అడుగులే కళ్ల ముందు తిరిగాయి. మొదటి అడుగు పోశెట్టి చూశాడు. పోనీ. మొదటి జోడు మాత్రం నాది, అనుకున్నాడు. ఆ బూట్లతో పాప తన దిక్కు నడిచి రావాలి. పోశెట్టి అది చూడాలి.

ఆదివారం పూర్ణిమ పాపను తీసుకొని పుట్టింటికి వచ్చింది. భూమేశ్వర్ తెల్ల అంగీ తొడుక్కొని గడప దగ్గరే నిలబడి చేతులు చాపాడు. లాస్య ఆ మీసాలను ఒకసారి చూసి, తల్లి మెడను గట్టిగా పట్టుకొని గుక్కపెట్టింది. పాప అరికాళ్లు పసుపు పచ్చగా ఉన్నాయి.

"గీ పసుపేంది? పెండ్లిపిల్లనా?" అన్నాడు భూమేశ్వర్ చేతులు దించుకుంటూ.

"యార్డుల తిరిగితే పసుపు గాక సున్నం అంటుతదా?" అంది లక్ష్మీబాయి వంటింట్లోంచి. "నువ్వు జర మీసాలు దించు, పిల్ల బెదురుతుంది."

అన్నం తిన్నాక పాప నిద్రపోయింది. పూర్ణిమ బట్టలు ఆరేయడానికి మిద్దె మీదికి పోగానే భూమేశ్వర్ జేబులోంచి దారం తీసి మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. మడమ నుంచి బొటనవేలి దాకా దారం పట్టి ముడి వేశాడు. పాదం అతని అరచేతిలో ఒదిగిపోయింది. ఆ పాదాన్ని అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి.

లక్ష్మీబాయి వెనక నుంచి చూసింది. "పండుకున్న పిల్లకు కొలతలు తీస్తున్నవేంది? లేచినంక నిలవెట్టి తియ్యరాదు?"

"లేస్తే నా దగ్గరికి వస్తదా?"

ఆమె పాప మీద దుప్పటి సర్దింది.

సోమవారం దుకాణం మూసి హైదరాబాద్ బస్సెక్కాడు. బేగంబజార్‌లో నాలుగు దుకాణాలు తిరిగాడు. వెలిగే బూట్లు చూపించారు, కాదన్నాడు. కుయ్‌కుయ్‌మనేవి చూపించారు, మొహం చిట్లించాడు. అట్ట అడుగులు, అంటించిన అంచులు వేలితో తడిమి పక్కకు నెట్టాడు. ఐదో దుకాణంలో ఒక ఎర్ర తోలు జోడు దొరికింది. అడుగు రెండు వేళ్ల మధ్య మడిస్తే రొట్టెలా మడతపడింది. లోపల వేలు పెట్టి కుట్టు ఎక్కడా గుచ్చడం లేదని చూసుకున్నాడు. దారం పెట్టి కొలిచాడు. నాలుగో నంబరు సరిగ్గా సరిపోయింది.

బస్సులో డబ్బా ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. డిచ్‌పల్లి దాటాక మూత తీసి మళ్లీ చూసుకున్నాడు. దారి పొడుగునా పాప కాలి కన్నా పోశెట్టి మొహమే ఎక్కువసార్లు తలుచుకున్నాడు. ఈ తోలు ఎట్లాంటిదో ఆయనకేం తెలుస్తుంది, అనుకొని నవ్వుకున్నాడు.

గురువారం లాస్యకు ఏడాది నిండింది. సాయంత్రం పెర్కిట్‌లో ఇంటి ముందు చిన్న టెంటు వేశారు. వాడకట్టు వాళ్లు ఓ ఇరవై మంది వచ్చారు. గేటు దగ్గర పోశెట్టి చెంబుతో నీళ్లిచ్చాడు. చంకలో పాప.

"రా బావా, రా. నీ కోసమే చూస్తున్నం. పిల్లకు గూడ చెప్తున్న, తాత వస్తడు, తాత వస్తడని."

భూమేశ్వర్ కాళ్లు కడుక్కొని నేరుగా టెంటు కిందికి నడిచాడు. కేక్ కోయడం అయ్యీ కాకముందే ఒక కుర్చీ నడుమ వేయించాడు. "మొదటి బూట్లు! అందరు జర ఇటు చూడుర్రి," అని డబ్బా తెరిచాడు. ఎర్ర బూట్లు చూసి ఆడవాళ్లు అబ్బో అన్నారు. నసీర్ భార్య మదీనా, "ఎంత ముద్దుగున్నయ్ అన్నా," అంది. భూమేశ్వర్ ఓరగా పోశెట్టి వైపు చూశాడు. ఆ ముసలాయన నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. భూమేశ్వర్ వారం రోజులు తలుచుకున్న మొహం అది కాదు.

లక్ష్మీబాయి పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. ఏడుస్తున్నా బూట్లు ఎక్కాయి. భూమేశ్వర్ పాపను నేల మీద నిలబెట్టి, నాలుగు అడుగులు వెనక్కి పోయి చేతులు చాపాడు.

"రా నా తల్లీ, రా."

లాస్య ఒక అడుగు వేసి ఆగింది. కాళ్ల వైపు చూసుకొని చతికిలబడి గట్టిగా ఏడ్చింది.

"కొత్తయి గదా, అలవాటైతది," అని భూమేశ్వర్ మళ్లీ లేపాడు. పాప రెండు కాళ్లూ పైకి ముడుచుకుంది.

"బావా, ఇప్పుడు వద్దులే, ఏడుస్తుంది," అన్నాడు పోశెట్టి.

"నువ్వు ఊకో!"

మూడోసారి నిలబెట్టి చేతులు వదిలాడు. పాప ముందుకు తూలి బోర్లా పడింది. పెదవి చిట్లి రక్తం వచ్చింది. పోశెట్టి నడుము సంగతి మరిచి ఒక్క ఉదుటున వంగి పాపను ఎత్తుకున్నాడు. పాప అతని భుజంలో మొహం దాచుకొని, "తా... తా..." అంటూ వెక్కింది.

ఆ మాట భూమేశ్వర్‌ను ఎవరూ ఎప్పుడూ కొట్టని చోట కొట్టింది.

"అంత నువ్వు నేర్పిన అలవాటే! నీ తీరుగనే ఉత్తకాళ్లతోని తిప్పినవు, ఇప్పుడు బూటెక్కితే నడుస్తదా? నా మనుమరాలిని హమాలీ చేస్తవా? ఊరంత నవ్వాలె, చెప్పుల దుకాణపోని ఇజ్జత్ పోవాలె, గదే గదా నీకు కావాల్సింది!"

జగన్ మొహం ఎర్రబడింది. ముందుకు రాబోతే పోశెట్టి చెయ్యి అడ్డం పెట్టాడు. పూర్ణిమ మామ దగ్గర నుంచి పాపను తీసుకొని కుర్చీలో కూర్చుంది. రెండు బూట్లూ విప్పింది. చిటికెన వేళ్ల మీద, మడమల మీద ఎర్రగా గాట్లు పడి ఉన్నాయి. పూర్ణిమ చిన్నప్పటి నుంచి తండ్రి దుకాణంలో పెరిగిన పిల్ల. పాపను నేల మీద నిలబెట్టి పట్టుకొని, బూటును ఆ కాలి పక్కన పెట్టి చూసింది. నిలబడ్డ వేళ్లు విచ్చుకొని బూటు దాటి బయటికి వచ్చాయి.

"బాపూ, నిలవెట్టి కొలిచినవా?"

భూమేశ్వర్ జేబులోని దారం ముడిని తడుముకున్నాడు.

"వచ్చినోళ్లందరికి నువ్వేం చెప్తవు? నిలవడితేనే కాలు నిజం చెప్తది అంటవు గదా. నీ బిడ్డ బిడ్డకు ఎట్ల కొలిచినవు?"

"పండుకున్నప్పుడు," అన్నాడు నేల చూస్తూ.

"ఉత్తకాళ్లతోని ఎందుకు తిరుగుతుందో ఎరికనా నీకు?" పూర్ణిమ ఏడుస్తూనే మాట్లాడుతోంది. "నెల కిందనే ఈయన నిజామాబాద్ కెళ్లి జోడు తెచ్చిండు. మామ తొడగనియ్యలే. మదీనక్క తెచ్చింది, బీరువాల పెట్టిచ్చిండు. వాళ్ల తాతది చెప్పుల దుకాణం, మొదటి జోడు గాయన చేతి నుంచే రావాలె అన్నడు. నీకు ఫోన్ చేస్తనంటే వద్దన్నడు. అడిగి తెప్పిచ్చుకుంటే ఏం బాగుంటది, ఆయనే తెస్తడు అన్నడు. దినాం పొద్దుగాల లేస్తే గదే ముచ్చట. మీ బాపు ఎప్పుడొస్తడు, ఎప్పుడొస్తడు అని."

మదీనా అవునన్నట్టు తల ఊపింది.

భూమేశ్వర్ కుర్చీ కోసం తడుముకొని కూర్చున్నాడు. ఇరవై మంది చూస్తున్నారన్న సంగతి కూడా పట్టలేదు. కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. దాని వెనక భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"మెలకువగుంటే నన్ను చూసి ఏడుస్తది," అన్నాడు కండువా వెనక నుంచే. "నిద్రల అయితే కాలు గుంజుకోదని... గట్ల కొలిచిన. తప్పని ఎరికుండే కొలిచిన. ఇంకెవలన్న గట్ల కొలిచి నాలుగో నంబరు అమ్ముతే, నేనే తిట్టేవాణ్ణి."

పోశెట్టి నడుము పట్టుకొని నెమ్మదిగా వచ్చి పక్కన కింద కూర్చున్నాడు.

"నా దగ్గరికి మాత్రం ఒక్కనాడే వచ్చిందా బావా? నెల దినాలు ఒకటే ఏడుపు. నా మొహం చూస్తే చాలు. నేనేం చెయ్యలే. యాడికి పోలే, గంతే. కూసుండి పోయిన. ఒకనాడు దానికే విసుగొచ్చి వచ్చింది."

"నిన్ను హమాలీ అన్న," అన్నాడు భూమేశ్వర్.

"హమాలీనే గదా. తప్పు అన్నవా?" పోశెట్టి నవ్వాడు. తర్వాత నవ్వు తగ్గి, "కొంచెం కష్టమనిపిచ్చింది, అబద్ధమెందుకు," అన్నాడు.

భూమేశ్వర్ కుర్చీ దిగి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. ముప్పై ఏళ్లు బస్తాలు పట్టిన ఆ వేళ్లు చెప్పుల అట్టల కన్నా గట్టిగా ఉన్నాయి.

"రేపు దుకాణానికి రా బావా. దాన్ని తోల్కొని రా. నువ్వు లేకుంటే నేను కొలవలేను."

శుక్రవారం పొద్దున షట్టర్ లేపేసరికే పోశెట్టి మెట్ల మీద ఉన్నాడు. ఒళ్లో లాస్య, పెదవి మీద చిన్న పొక్కు. భూమేశ్వర్ నేల మీద తెల్ల కాగితం పరిచి, పెన్సిల్ పట్టుకొని తల వంచి కూర్చున్నాడు. మీసాలు కనబడకూడదని ఇంకా కొంచెం వంగాడు.

"నిలవెట్టు బావా."

పోశెట్టి వెనక నుంచి చంకలు పట్టి పాపను కాగితం మీద నిలబెట్టాడు. పెన్సిల్ బొటనవేలు తాకగానే పాప కితకితలకు కిలకిలలాడి కాలు లేపింది. మళ్లీ పెట్టింది. పెన్సిల్ వేళ్ల చుట్టూ తిరిగి పక్కకు మళ్లింది. పోశెట్టి ఒక చెయ్యి తీశాడు. కాసేపాగి రెండోదీ తీశాడు. పాప అటు ఊగింది, ఇటు ఊగింది. పోశెట్టి చెయ్యి ముందుకు రాబోయింది. అంతలోనే రెండు చిన్న చేతులు టపీమని భూమేశ్వర్ తల మీద పడి, జుట్టు పిడికిళ్లతో పట్టుకున్నాయి.

పోశెట్టి తన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

గీత మడమ చుట్టూ తిరిగి మొదలైన చోట కలిసింది. కాగితం మీద ఒక చుక్క తడి పడింది.

"అయిందా బావా?" అన్నాడు పోశెట్టి.

"ఇంకా కాలే," అన్నాడు భూమేశ్వర్, తల ఎత్తకుండా.