వాసనకంచె

మూడో స్తంభం మూత తిప్పి, ఎండిపోయిన గుళికను బయటికి లాగింది కాశింబీ. కొత్త గుళిక లోపల కూర్చోగానే స్తంభం సన్నగా బుస్సుమంది. ముక్కుకు తొడుగు ఉన్నా పులిసారం ఘాటు గొంతులోకి దిగింది. నల్లమల అంచున కట్టిన ఈ కాలనీలో ప్రతి పెరటి గోడమీదా ఇలాంటి స్తంభాలే. పందులు, కోతులు, ముళ్లపందులు రాకుండా కాపలా కాసేది ఎప్పుడో చచ్చిపోయిన ఒక మగపులి వాసన. అసలు పులిని ఈ వైపు చూసినవాళ్లెవరూ మిగల్లేదు.

మణికట్టు మీది పలక చూసుకుంది. పెరట్లో జంతువులు, సున్నా.

ఇంటావిడ వారిజ ఏడాది నిండని కొడుకును చంకనేసుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"మజ్జిగ తాగుతావా కాశింబీ?"

"చేతులు కడుక్కోని తాగుతా అక్కా."

"ఆ మోటరు రూములో పిల్లి ఈనినట్టుండాది. నాలుగు దినాలైంది. కూనలు సన్నగా అరుస్తాండాయి. పొద్దున్నే గిన్నెలో పాలు పెట్టి వస్తాండా."

కొళాయి కింద కాశింబీ చేతులు ఆగిపోయాయి. ఈ కంచె దాటి పిల్లి రాదు. వీధికుక్కలు సైతం కాలనీని వదిలి ఏళ్లయింది.

"పిల్లిని చూసినావా?"

"లేదు. నేను పోయేతలికి యాడికో పోయింటాది. పాలు మాత్రం అట్లే ఉంటాండాయి."

"నువ్వు లోపలే ఉండక్కా."

మోటరు గది పెరటి చివర, అరటిగుబురు దాటాక ఉంది. తలుపు ఊడిపోయిన చోట గోనెపట్టా వేలాడుతోంది. కాశింబీ ముక్కుతొడుగు కిందికి లాగింది. స్తంభాల వాసన ఆమెకు రోజూ తినే కూడంత పరిచయం. ఇది అదే. కానీ ఇందులో వెచ్చదనముంది, పాలున్నాయి, పచ్చి నెత్తురుంది.

పట్టా తొలగించింది.

ఒకదాన్నొకటి తొక్కుకుంటూ మూడు కూనలు. కళ్లింకా విచ్చుకోలేదు. పసుపు ఒళ్ల మీద నల్లచారలు. పక్కన గిట్టతో సహా పందికాలు. ఆ పక్కనే వారిజ పెట్టిన స్టీలు గిన్నె.

కాశింబీ పట్టా వదిలేసింది. అడుగు వెనక్కి వేయబోయి తల తిప్పింది. అరటిగుబురు కింద నీడ కదిలింది. నీడ కాదు. వారిజ రోజూ నడిచే దారికి రెండు బారల దూరంలో, తల్లి తలెత్తి ఆమెనే చూస్తోంది. ఎంతసేపటి నుంచో చూస్తూనే ఉంది.

వెన్ను చూపకుండా, కాశింబీ వంటింటి దాకా వెనక్కి నడిచింది. వారిజను లోపలికి నెట్టి గడియ పెట్టింది. తలుపుకు వీపు ఆనించి నేలమీద కూర్చుంది.

"పులి అక్కా. ఈనిన పులి."

వారిజ కిటికీలోంచి చూసింది. పిల్లవాణ్ని ఈ చంకనుంచి ఆ చంకకు మార్చుకుంది. శుభ్రంగానే ఉన్న వాడి మూతిని కొంగుతో తుడిచింది. మళ్లీ తుడిచింది.

కాశింబీ కంచె కేంద్రాన్ని పిలిచింది. ఈ పూట డ్యూటీలో ఉన్నది ఓబులేసు.

"అన్నా, వారిజక్క పెరట్లో పులుండాది. పిల్లలతో."

"నా తెరమీద సున్నా ఉండాదే."

"సున్నానే చూపిస్తాది. మన స్తంభాల పులివాసనకే మన గ్రాహకాలు కూస్తాండాయని, పులిని లెక్కలోంచి తీసేసింది మనమే గదా."

అటువైపు కుర్చీ కిర్రుమంది.

"అది ఈడికెందుకొచ్చింది మా?"

"మగపులి కాపలా ఉండాదనుకోని. ఈనేదానికి ఇంతకంటే భద్రమైన చోటు యాడ దొరుకుతాది దానికి?"

"తొలగింపు బండిని పంపుతా. కానీ అది వచ్చిందంటే పెరట్లో కదిలేది దేన్నీ మిగల్చదు. తల్లినీ, పిల్లల్నీ."

"పంపమను," అంది వారిజ. వెంటనే, "వద్దు. ఆగమను," అంది. "వీణ్ని చంకనేసుకోని దాని పిల్లల కాడికి పోయినా కాశింబీ. చీకట్లో కనపడక చేత్తో తడిమి చూసినా. అది ఆడే ఉండింది. చూస్తానే ఉండింది. నన్నేం చేయలేదు."

కాశింబీ లేచి నిలబడింది.

"అన్నా, ఈ వీధి స్తంభాలన్నీ ఆపెయ్. నా బండిలో కొత్త గుళికలుండాయి. కాలనీ ఎనక వాగువంక పొడుగునా కొండదాకా కట్టొస్తా. గాలి ఆ పక్కనుంచే వీస్తాండాది. వాసన యాడికి పోతే అదీ ఆడికి పోతాది."

"ఆపితే పందులొచ్చి పడ్తాయి. నా ఉద్యోగం పోతాది."

"నాది కూడా."

కాసేపటికి వీధంతా స్తంభాల బుస ఆగిపోయింది. అది ఆగితే ఎలా ఉంటుందో కాశింబీ అంతవరకు వినలేదు.

ముందు తలుపులోంచి బయటపడి బండి తీసింది. కాలనీ వెనక వంక వెంబడి, తుమ్మకంపలకు, రేగుచెట్లకు గుళికలు చిదిమి కట్టుకుంటూ కొండ మొదలు దాకా పోయింది. తిరిగొచ్చి వారిజ పక్కన కిటికీ దగ్గర నిలబడింది.

పొద్దు వాలుతుండగా పులి లేచింది. స్తంభం కింద వాసన చూసింది. మూతి కొండవైపు తిప్పి అలాగే నిలబడింది. తర్వాత గదిలోకి పోయి ఒక కూనను మెడదగ్గర కరుచుకుని గోడ దూకింది. రెండోదానికి వచ్చింది. మూడోదానికి వచ్చినప్పుడు కిటికీవైపు ఒక్కసారి చూసింది. ఆ చూపులో కృతజ్ఞత లాంటిదేమీ లేదు. గోడ దూకి వెళ్లిపోయింది.

వారిజ అప్పుడు ఏడ్చింది.

ఎంతోసేపు పట్టలేదు, గేటు సందులోంచి ఆడపంది ఒకటి పిల్లలతో దూరి చేమదుంపల మడిని పెళ్లగించడం మొదలుపెట్టింది. ఓబులేసు మళ్లీ పిలిచాడు.

"తెర నిండా ఎర్రచుక్కలే మా. మీ వీధోళ్లందరూ ఫోన్లు చేస్తాండారు. కంచె ఎప్పుడు లేపుదాం?"

"లేపితే పులి మళ్ల వస్తాది అన్నా. మిగతా వీధుల్లో ఏం చూపిస్తాండాది?"

"అన్నీ సున్నాలే," అన్నాడు ఓబులేసు.

అన్నాక తన మాట తనకే వినబడినట్టుంది. వారిజ పెరట్లో పులి ఉన్నంతసేపూ తెర చూపించింది సున్నానే.

కాశింబీ ఖాళీ సంచీ భుజాన వేసుకుని పక్క వీధికి నడిచింది. మొదటి ఇంటి పెరట్లో ఒక ముసలాయన మల్లెకుండీలకు నీళ్లు పోస్తున్నాడు.

"ఏం మా, గుళికలు మార్చేది ఈ పొద్దా?"

"మార్చేదానికి కాదు పెద్దాయనా, ఆపేదానికి. చెంబు ఆడ పెట్టి, మెల్లగా లోపలికి పోయి తలుపేసుకోండి," అంటూ స్తంభం మూతమీద చెయ్యి వేసింది.