కాలిన మిల్లులో రేకుల చప్పుడు

రేపల్లె అవతల కాలవ గట్టు మీద కాలిపోయిన రైసుమిల్లు ఒకటుండేది. చీకటి పడితే అటు ఎవరూ బండి కట్టేవారు కాదు. మంటల్లో చిక్కుకున్న కూలీలు పై రేకులు బాదుకుంటూ చచ్చారట... ఆ చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుందట.

డెబ్బై ఏడు ఉప్పెన వెళ్లిన రెండో రాత్రి. తెనాలి నుంచి వచ్చిన ఫైరింజను నీళ్లలో ఆగిపోతే, అందులోని ఫైర్‌మన్ హనుమంతరావు పడవెక్కాడు. పడవ నడిపే చెంచురామయ్య ఆ పక్క ఊరివాడే. సాయంత్రం నుంచీ పడవకి తగులుతున్నవన్నీ శవాలే. గొడ్లవీ, మనుషులవీ.

మిల్లు దగ్గరికొచ్చేసరికి— ధన్... ధన్...

చెంచురామయ్య గెడ ఆపేశాడు.

"అటొద్దండి," అన్నాడు గుసగుసగా. "నిన్న రాత్రీ ఇంతే. నలుగురం వచ్చాం. విని... పారిపోయాం."

హనుమంతరావుకీ భయమేసింది. అయినా, "ఎవరన్నా ఉంటేనో?" అన్నాడు. నడుముకి తాడు బిగించి, గొడ్డలి పుచ్చుకుని దిగాడు.

బురదకి బిగుసుకుపోయిన తలుపు నాలుగు దెబ్బలకి చీలింది. లోపల రొమ్ము దాకా నీళ్లు, కుళ్లు కంపు, కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి. చప్పుడు ఆగిపోయింది...

"ఎవరూ?"

పలుకు లేదు. రెండడుగులు వేశాడో లేదో— పైనుంచి ఓ చెయ్యి మెడ పట్టుకుంది! చల్లగా... గోళ్లు కండలోకి దిగిపోయాయి. అంతలోనే పెద్ద బరువు భుజాల మీద పడి అతన్ని నీళ్లలోకి తొక్కేసింది. నోట్లోకి బురద, ముక్కులోకి బురద. గింజుకుని గింజుకుని తల పైకెత్తాడు. గొడ్డలి తిరగేసి, కళ్లు మూసుకుని, బలం కొద్దీ కొట్టాడు. ఫెళ్లుమని ఎముక విరిగింది—

"అమ్మా!"

బొంగురుగా, మనిషి గొంతు.

పడవలోంచి టార్చి వెలుగు పడింది. పాతికేళ్ల ఆడమనిషి. ఒక చెయ్యి విరిగి వేలాడుతోంది. రెండో చెయ్యి అతని మెడ వదల్లేదు. పైన దూలానికి చీరతో కట్టేసిన ఇద్దరు పిల్లలు. పిల్లాడు కళ్లు మిటకరించి చూస్తున్నాడు. ఆడపిల్ల తల వాల్చేసింది.

ఆమె పేరు కుసుమకుమారి. ఉప్పెన తరుముకొస్తుంటే, ఇటుక గోడలున్నది అదొక్కటేనని పిల్లలతో అందులో దూరిందట. అరిచి అరిచి గొంతు పోయాక రేకు బాదుతూ కూర్చుంది.

పడవెక్కాక చాలాసేపటికి చెంచురామయ్య వైపు తిరిగింది.

"నిన్న లాంతరు కనపడింది, అన్నా... అప్పటికి పిల్ల బతికే ఉంది."

చెంచురామయ్య చేతిలోంచి గెడ జారిపోయింది. హనుమంతరావు దాన్ని అందుకున్నాడు. చెంచురామయ్య పైపంచె తీసి ఆ పిల్లని చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. తెల్లారేదాకా, ఎవరడిగినా, ఇవ్వలేదు.