ఏడో గడి పెద్దాయన

ఆ సర్వీస్ సెంటర్ వెనక ఉన్న వాలు స్థలానికి చీకటి పడ్డాక ఎవరూ వెళ్లరు.

పగలు చూస్తే అక్కడ భయపడాల్సిందేమీ లేదు. సిమెంటు నేల. నేల మీద పచ్చ రంగుతో గీసిన ఏడు గడులు. పని పూర్తయిన కార్లు పొద్దున యజమానులు వచ్చేదాకా ఆ గడుల్లో నిలబడి ఉంటాయి, ముక్కులు పల్లం వైపు పెట్టుకుని. పల్లమంతా గరాటులా ఒకే చోటికి దిగుతుంది. అక్కడ ఎత్తైన గోడ, గోడకి ఆనించిన పాత టైర్లు. అంతే.

కానీ రాత్రి తొమ్మిది దాటితే... ఆ కార్లు కదులుతాయట.

తాళం వేసిన కార్లు. లోపల మనిషి లేని కార్లు. ఇంజను చప్పుడుండదు, దీపం వెలగదు. ఎవరో వెనక భుజం ఆనించి తోస్తున్నట్టు, మెల్లగా, ఓపిగ్గా, ఒక కారు గడి దాటి పల్లంలోకి దిగుతుంది. గోడ దగ్గర టైర్లకి ముక్కు ఆనించి నిలబడిపోతుంది. ఎక్కువగా ఏడో గడిలోదే.

ఇద్దరు వాచ్‌మన్లు ఉద్యోగం వదిలేసి పోయారు. మూడోవాడు పోలేదు గానీ, ఎనిమిదయ్యిందంటే ముందు గేటు దగ్గర కుర్చీ వేసుకుని, ఆ స్థలానికి వీపు పెట్టి కూర్చునేవాడు. వెనక ఏం చప్పుడైనా తల తిప్పేవాడు కాదు.

అలాంటి చోటికి ఒక సాయంత్రం ఒక పెద్దావిడ వచ్చింది.

ఆవిడ ముప్ఫై నాలుగేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్‌గా చేసింది. ఎవరి నంబరు అడిగినా పుస్తకం తెరవకుండా చెప్పేది. తోటివాళ్లు ఆవిడకి ‘డైరెక్టరీ’ అని పేరు పెట్టారు. రిటైరై పదేళ్లు దాటినా పాత స్నేహితురాళ్లు అలాగే పిలిచేవారు. ఆ పేరంటే ఆవిడకి లోలోపల ముచ్చటే.

ఇప్పుడు ఆ పేరు వినిపిస్తే చెవులు మూసుకోవాలనిపిస్తోంది.

ఎనిమిది నెలల కిందట, పట్టపగలు, ఆవిడే కారు నడుపుకుంటూ ఇంటికొచ్చింది. ఇంటి ముందు వాలు. కారు ఆపి, గేరు ‘పి’ అక్షరం దగ్గర పెట్టి, దిగి, సంచులు అందుకుని గుమ్మం ఎక్కింది. అది గేర్లు దానంతటదే మార్చుకునే రకం కారు. ‘పి’లో పెడితే చాలు, చక్రాలు బిగుసుకుపోతాయి, ఇంకేం చెయ్యక్కర్లేదని కొన్నరోజే చెప్పారు. భర్త గేటు వెయ్యడానికి వెళ్లాడు... ఆవిడ తాళంచెవి తిప్పుతోంది. వెనక చప్పుడేమీ లేదు. తిరిగి చూసేసరికి కారు గేటు దాకా వెళ్లిపోయి ఉంది.

గేటుకీ కారుకీ మధ్య ఆయన.

సర్వీస్ సెంటర్ వాళ్లు కారు తీసుకుపోయారు. పరీక్షించి ఒక కాగితం ఇచ్చారు. ‘గేరు లాక్‌లో ఏ లోపమూ లేదు. నడిపినవారు గేరు పిలో పెట్టడం మరిచిపోయి ఉంటారు.’

మరిచిపోయి ఉంటారు!

పెట్టాననే ఆవిడ అనుకుంది. మొదట గట్టిగా అంది, తర్వాత మెల్లగా అంది, తర్వాత అనడం మానేసింది. ఎన్నిసార్లు కళ్లు మూసుకున్నా తన చెయ్యి కనిపిస్తుంది, లివర్ కనిపిస్తుంది... అక్షరం కనిపించదు. మరిది ఆ ఇంటి గుమ్మం తొక్కడం మానేశాడు. కూతురు ముందు కారు తాళాలు తీసేసుకుంది, తర్వాత గ్యాస్ పొయ్యి తీయించేసింది.

“నీ మంచికేనమ్మా. గేరు మరిచావు, నాన్న పోయారు. రేపు గ్యాస్ మరిస్తే నువ్వూ పోతావు.”

వచ్చే ఆదివారం వృద్ధాశ్రమంలో దింపడానికి పేరు కూడా రాయించి వచ్చింది.

కారు అప్పటి నుంచీ సర్వీస్ సెంటర్లోనే పడి ఉంది. మర్నాడు ఎవరికో అమ్మేస్తున్నారు. కారులో ఆయన కళ్లజోడు ఉండిపోయిందని, అది తెచ్చుకుంటానని కూతురికి చెప్పకుండా బయల్దేరింది ఆవిడ. ఐదింటికి వెళితే చేతికో టోకెన్ ఇచ్చి సోఫాలో కూర్చోబెట్టారు. “ఇదిగో అయిపోయిందమ్మా” అన్నారు, “ఇప్పుడే పిలుస్తారమ్మా” అన్నారు. ఏడున్నరకి వాచ్‌మన్ వచ్చి, ఇంకా ఎవరో ఉన్నారే అన్నట్టు చూశాడు. తెల్ల కారులో కళ్లజోడు ఉండిపోయిందని మాత్రం చెప్పింది, ఎవరిదో చెప్పలేదు. అతను ఆవిడని వెనక తలుపు దాకా తీసుకెళ్లి, అక్కడే ఆగిపోయాడు.

“ఆ మూల షెడ్డు కింద ఉంది చూడండి, ఆ తెల్ల కారు. తాళం వెయ్యలేదు. వెళ్లి గబగబా తెచ్చేసుకోండమ్మా. నేను రాను.”

“ఏం బాబూ?”

వాచ్‌మన్ గొంతు తగ్గించాడు. “పెద్దాయన తిరుగుతాడు...”

“ఏ పెద్దాయన?”

“ఆ తెల్ల కారాయనే. పెళ్లాం గేరు వెయ్యడం మరిచిపోయి ఆయన్ని చంపేసిందట. కారుతో పాటే ఇక్కడికి వచ్చేశాడు. ఉక్రోషం తీరక రాత్రిళ్లు కార్లు తోస్తుంటాడు.”

ఆవిడ షెడ్డు వైపు చూసింది. “నువ్వు చూశావా?”

“చూస్తే ఇంకా ఇక్కడ ఉంటానా! సూపర్‌వైజర్ గారు చూశారట. తెల్ల లాల్చీ అట.”

ఆయన జన్మలో లాల్చీ వేసుకోలేదు. పైగా నడుంనొప్పి. నీళ్ల బకెట్టు జరపాలన్నా “ఏమేవ్” అని కేకేసే మనిషి, కార్లు తోస్తాడా! నవ్వొచ్చింది ఆవిడకి. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

నిజంగా ఉంటే? ఉంటే... అడగొచ్చు కదా.

ఆయనొక్కడికే తెలుసు. ఆ రోజు కారు పక్కనుంచే నడిచి వెళ్లాడు. కిటికీలోంచి చూసే ఉంటాడు.

ఆవిడ వెళ్లి తెల్ల కారులో, ఆయన కూర్చునే సీట్లో కూర్చుంది. కళ్లజోడు దొరికింది. సంచిలో పెట్టుకుంది. లేవలేదు. కాసేపటికి హాల్లో దీపాలు ఆరిపోయాయి. ముందు తలుపుకి తాళం పడిన చప్పుడైంది. వాచ్‌మన్ భయంలో లోపలికి పంపిన మనిషిని మరిచేపోయాడు. ఆ మతిమరుపుకి మాత్రం ఎవరూ కాగితం రాయరు.

ఎనిమిది... ఎనిమిదిన్నర... గడుల్లో ఏడు కార్లు. కదలిక లేదు. ఎక్కడో కొళాయి చుక్క పడుతోంది. ఆవిడ ఒళ్లో చేతులు పెట్టుకుని, చిన్నప్పుడు బడిలో కూర్చున్నట్టు కూర్చుంది.

తొమ్మిది దాటింది.

టక్... అని చిన్న చప్పుడు. వేలు విరిచినట్టు.

ఏడో గడిలోని కారు కదిలింది.

చప్పుడు లేదు. లోపల ఎవరూ లేరు. కారు గడి దాటింది, మెల్లగా, అచ్చం ఎవరో తోస్తున్నట్టే... ఆవిడ తలుపు తీసుకుని దిగింది. ఆ కారు వెనక, చీకట్లోకి చూస్తూ—

“ఏవండీ...”

ఇంకో అడుగు ముందుకు వేసింది.

“ఏవండీ... నేను మరిచిపోయానా?”

కారు టైర్లకి ఆని ఆగింది. దాని వెనక చీకటి తప్ప ఏమీ లేదు.

ఆవిడ దగ్గరికెళ్లి అద్దంలోంచి లోపలికి చూసింది. ఆరీ ఆరని చిన్న ఎర్ర దీపం. దాని వెలుగులో అక్షరం స్పష్టంగా కనిపించింది.

పి.

అద్దం మీద కొత్తగా అంటించిన ఆకుపచ్చ కాగితం. ‘గేరు లాక్ లోపం — రీకాల్ పని పూర్తయింది.’

ఆవిడ రెండుసార్లు చదివింది. గేరు లాక్ లోపం. అంటే లోపం ఉంది. కంపెనీయే కార్లు వెనక్కి పిలిచి బాగుచేయిస్తోంది. గేరు పిలోనే ఉంది, కారు మాత్రం కదిలింది. ఆవేళ కూడా—

“అమ్మయ్యో!” అని వెనక నుంచి ఒక కేక. నేల మీద రాయి పడిన చప్పుడు.

టార్చి పట్టుకుని సూపర్‌వైజర్. చంకలో ఫైలు. పక్కన చిన్న తోపుడు బండి, బండి నిండా రాళ్లు. తను పుట్టించిన దెయ్యం తనకే ఎదురైందని క్షణం పాటు అతని ప్రాణం పోయింది. టార్చి ఆవిడ మొహం మీద పడ్డాక తిరిగి వచ్చింది.

“మీరా అమ్మా! ఇక్కడేం చేస్తున్నారు?”

“ఇది కదిలింది,” అంది ఆవిడ. “పిలోనే ఉంది బాబూ. నేను చూశాను. పిలో ఉండి కదిలింది.”

అతను ఏదో చెప్పబోయి మానుకున్నాడు. మతిమరుపు మనిషి మాట ఎవరు నమ్ముతారు గనక!

“కదులుతాయండి. లోపల చక్రాన్ని పట్టుకునే కొక్కెం ఒకటి ఉంటుంది, అది సరిగ్గా పడదు. ఇంజను చల్లారాక జారుతుంది. కొత్త కొక్కేలు రాలేదు. నెలాఖరుకి ఇన్ని కార్లు బాగుచేశామని పైకి లెక్క చూపించాలి. కాగితం అంటించేస్తున్నాం. రాత్రికి రాళ్లు పెడతాను, పొద్దున్నే తీసేస్తాను. ఇవాళ కాస్త ఆలస్యమైంది.”

“మరి... పెద్దాయన?”

“కార్లెలా కదిలాయని వాచ్‌మన్ అడిగాడు. ఏదో ఒకటి చెప్పాలి కదా.” భుజాలు ఎగరేశాడు. “మీ ఆయన దొరికారు.”

ఆ మాట ఆవిడకి తగిలిందో లేదో. ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. “నేను మరిచిపోలేదు,” అంది. “పొద్దున్నే అమ్మాయికి చెబుతాను. మరిదికి చెబుతాను.”

“చెప్పండి. దాంతో పాటు ఇది కూడా చూపించండి.” అతను ఫైలు తెరిచాడు. “రేపు మీ కారు వెళ్లిపోతోంది కదా, కాగితాలన్నీ చేతిలోనే ఉన్నాయి.”

టార్చి వెలుగులో ఒక కాగితం. ‘గేరు లాక్ లోపం గురించి నాకు తెలియజేశారు. ప్రస్తుతం బాగుచేయించుకోవడం నాకు ఇష్టం లేదు.’ తేదీ, ఆయన పోవడానికి నాలుగు నెలల ముందుది. కింద సంతకం.

ఆవిడదే. చివరి అక్షరానికి ఆ మెలికతో సహా.

“మీకు చెప్పాం. మీరే వద్దన్నారు. గుర్తు లేదా?” అతని గొంతు ఎంతో మెత్తగా ఉంది. “వయసు అమ్మా. ఏం చేస్తాం.”

గుర్తు లేదు. ఎంత తవ్వినా గుర్తు లేదు. గేరు మరిచిపోలేదు... అంతకంటే పెద్దదే మరిచిపోయింది. తెలిసి తెలిసి, ఆ కారులో ఆయన్ని తిప్పింది. ఆవిడ ఊపిరి మళ్లీ కుంచించుకుపోయింది.

“పోనీండి, ఎవరికీ చెప్పను,” అన్నాడతను. “రాత్రి లోపల ఉన్నారు కదా, ఇక్కడొక సంతకం పెట్టి వెళ్లండి. మామూలు కాగితమే.”

ఫైలు కారు మీద పెట్టి, పెన్ను చేతికిచ్చాడు. టార్చి కూడా ఆవిడకే ఇచ్చి, ఒక రాయి తీసుకుని, గోడకి ఆనిన కారు వెనక మోకాళ్ల మీద వంగాడు, చక్రం కింద పెట్టడానికి.

ఆవిడ కాగితం చూసింది. పైన ఏమీ రాసి లేదు. తెల్లగా ఉంది. కింద సంతకం ఎక్కడ పెట్టాలో పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తు.

టార్చి పక్క కాగితం మీదికి తిప్పింది. తన పాత సంతకం పక్కన... రబ్బరుతో చెరిపినా పోని పెన్సిల్ గీతలు రెండు. ఇంటూ గుర్తు.

సర్వీసు కౌంటరు. పైన కిర్రుమనే ఫ్యాను. “ఇక్కడమ్మా, ఇక్కడ, ఇంకా ఇక్కడ, అంతే” అంటూ చకచకా కాగితాలు తిప్పిన ఇతని వేళ్లు. ఖాళీగా ఉన్నాయేం బాబూ అని తను అడగడం. తర్వాత టైపు చేసుకుంటామమ్మా అని అతను నవ్వడం.

అన్నీ గుర్తొచ్చాయి. ఒక్కటీ తప్పిపోలేదు.

ఆవిడ తలెత్తింది. అప్పుడే — టక్.

పైన నాలుగో గడిలోని కారు గీత దాటింది. ఇంకా రాయి పెట్టని కారు. పల్లంలోకి దిగుతోంది, చప్పుడు లేకుండా, వేగం పుంజుకుంటూ. అతని వీపు దానివైపుంది. ఈల వేస్తున్నాడు. రాయి సరిగ్గా కుదరలేదేమో, ఇంకాస్త వంగాడు.

సమయం ఉంది. ఒక్క కేకకి సరిపడా ఉంది. ముప్ఫై నాలుగేళ్లు మైళ్ల అవతలి మనిషికి కూడా మాట స్పష్టంగా అందించిన గొంతు అది.

ఆవిడ నోరు తెరిచింది...

పెన్నుకి మూత పెట్టింది.

తెల్లవారాక పోలీసు వచ్చాడు. కూతురు పరుగున వచ్చింది. మరిది కూడా వచ్చాడు, దూరంగా నిలబడ్డాడు. కాగితాల ఫైలు ఎక్కడా కనిపించలేదు. ఆవిడ చేతిసంచి మాత్రం ఒళ్లో, రెండు చేతుల కింద ఉంది.

“సూపర్‌వైజర్ మీదికి కారు రావడం మీకు కనపడిందా అమ్మా?” అడిగాడు పోలీసు.

“గుర్తు లేదు నాయనా.”

“కేక వేశారా?”

ఆవిడ చాలాసేపు ఆలోచించినట్టు చూసింది. “వెయ్యాలనే అనుకున్నాను. వేశానో లేదో... గుర్తు లేదు.”

“ఆవిడని వదిలెయ్యండి సార్,” అంది కూతురు కళ్లు తుడుచుకుంటూ. “మా అమ్మకి మతిమరుపు. అందరికీ తెలుసు. కావాలంటే ఆశ్రమం వాళ్లకి రాసిచ్చిన కాగితం చూపిస్తాను.”

పోలీసు తల ఊపాడు. కూతురు చెప్పిందే పొందిగ్గా రాసి, కాగితం ఆవిడ ముందు పెట్టి, చివర వేలు ఆనించాడు.

“ఇక్కడొక సంతకం పెట్టండమ్మా.”

ఆవిడ సంచిలోంచి భర్త కళ్లజోడు తీసి పెట్టుకుంది. మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా, పెదాలు కదుపుతూ, నిదానంగా చదివింది.

“తేదీ తప్పు వేశారు బాబూ,” అంది. “దిద్దండి, పెడతాను.”