కాలిబాట మూసేసిన ఇంజనీరు

నిన్నటిదాకా ఉన్న దారి ఇవాళ లేదు. మలుపు తిరిగేసరికి ఎదురుగా రేకుల గోడ! సైకిలు మీద వస్తున్న అమ్మాయి గబుక్కున బ్రేకు నొక్కింది. వానకి తడిసిన బురద ఊరుకుంటుందా? సర్రున జారి సైకిలు ఒకవైపు, తను ఒకవైపు పడింది.

రేకుల వెనకనుంచి హెల్మెట్ పెట్టుకున్న యువకుడు పరిగెత్తుకొచ్చాడు.

"అయ్యో, దెబ్బ తగిలిందా?"

"దెబ్బ సంగతి తర్వాత. సైకిళ్ల దారి ఏదీ? కాలిబాట ఏదీ?"

"ఫ్లైఓవర్ పని మొదలైందండీ. నేనిక్కడ సైట్ ఇంజనీర్ని. డైవర్షన్ బోర్డు పెట్టించాను కదా!"

"ఎక్కడ?"

అతను వేలు చూపించాడు. బోర్డు ఉంది. దాని ముందు ఇసుక గుట్ట కూడా ఉంది. గుట్ట మీంచి బాణం మొన మాత్రం ఆకాశంలోకి చూస్తోంది.

"అంటే, ఎగిరిపొమ్మంటారా?"

అతనికి నవ్వాగలేదు.

"నవ్వొస్తోందా మీకు?"

"సారీ అండీ. మీ ముక్కు మీద బురద..."

"కోపం కూడా అక్కడే ఉంది. జాగ్రత్త!" అని విసురుగా సైకిలు లేపుకుంది.

ఆమె ఫిజియోథెరపిస్టు. ఆపరేషన్లు అయినవాళ్ల ఇళ్లకి సైకిలు మీద వెళ్లి, మళ్లీ నడిపించడం ఆమె పని. ఆ పేటలో అందరూ ఆమెని నడక డాక్టరమ్మ అంటారు.

తర్వాతి వారం ఒక మామ్మగారింటికి వెళ్లింది. మోకాలు ఆపరేషన్ అయిన మామ్మ. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైంది గానీ ఇంట్లో మాత్రం ఇంకా రిటైరవలేదు.

డాక్టరమ్మ మోకాలు వంచి చూస్తే సగమే వంగింది. "మామ్మగారూ, నడవడం మానేశారా?"

"ఎక్కడ నడవమంటావే? ఇంట్లో ఈ గోడనుంచి ఆ గోడకి ఎంతని తిరగను? రోడ్డు దాటితే పార్కు, నా స్నేహితురాళ్లూ ఉన్నారని సరదాగా వెళ్లేదాన్ని. ఆ కాలిబాట మూసేశారు. మొన్న లారీల పక్కనే నడవబోతే కాళ్లు వణికి వెనక్కొచ్చేశాను. ఆ ఇంజనీరెవడో గానీ, నా కంటపడ్డాడా, బెంచీ ఎక్కిస్తాను!"

"ఇలాగే కూర్చుంటే మోకాలు బిగుసుకుపోతుంది. ఇక వంగమన్నా వంగదు."

మామ్మ మూలనున్న చేతికర్ర వైపు చూసింది.

అప్పుడే తలుపు తెరుచుకుంది. "నానమ్మా, వచ్చేశా!" అంటూ చేతిలో హెల్మెట్‌తో అతను.

ఇద్దరి చూపులూ కలుసుకున్నాయి. అతను తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

"నా మనవడమ్మా. ఏవో కడుతుంటాడు," అంది మామ్మ.

"ఏం కడుతుంటారో?" డాక్టరమ్మ తియ్యగా అడిగింది.

"అదీ... అవే... వంతెనలు..." అంటూ నీళ్లు నమిలాడు. చెప్పొద్దని కళ్లతోనే దండం పెట్టాడు. అంత పెద్ద మనిషి అంత చిన్నపిల్లాడి మొహం పెట్టేసరికి ఆమె నవ్వు దాచుకుని సంచీ సర్దుకుంది.

గేటు దాకా వెంటే వచ్చాడు. "థాంక్సండీ!"

"అప్పుడే ఎందుకు? ఇంకా చెప్పలేదు, అంతే. రేపు పొద్దున సైకిలు తెచ్చుకోండి. మీ డైవర్షన్ మీకే చూపిస్తాను."

"నేను సైకిలు తొక్కి చాలా ఏళ్లయిందండీ."

"తెలుస్తూనే ఉంది."

పొద్దున వాచ్‌మన్ సైకిలు అడిగి తెచ్చుకున్నాడు. సీటు కిందికి, కాళ్లు పైకి. అతని మోకాళ్లు గడ్డానికి తగులుతుంటే ఆమెకి పొట్ట చెక్కలైంది. కానీ పెద్ద రోడ్డెక్కాక నవ్వు ఆగిపోయింది. పక్కనుంచి లారీ హారన్ కొట్టింది. అతని సైకిలు వంకర్లు తిరిగింది. ఆమె చెయ్యి చాచి అతని హ్యాండిల్ గట్టిగా పట్టుకుంది.

"నేరుగా చూడండి! నేనున్నాను!"

లారీ వెళ్లిపోయింది. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. కొంచెం ముందు ఒక తల్లి, చంటిబిడ్డ బండిని ఎత్తి రోడ్డు మీదికి దించుతోంది. వెనక కార్లు ఆగకుండా అరుస్తున్నాయి. అతను సైకిలు పక్కన పడేసి పరిగెత్తి ఆ బండికీ కార్లకీ మధ్య నిలబడ్డాడు.

వాన అందుకుంది. ఇద్దరూ ఒక షాపు చూరు కిందికి చేరారు.

"డ్రాయింగులో ఈ కాలిబాట ఒక గీతండీ," అన్నాడు మెల్లగా. "పెన్సిల్‌తో అటు జరిపాను, అంతే."

ఆమె తిట్టాలనుకున్న తిట్లన్నీ మర్చిపోయింది. అతని కనురెప్పల మీద వాన చినుకులు నిలిచి ఉన్నాయి. అలాంటివి చూడకూడదనుకుంటూనే ఇంకోసారి చూసింది.

"రేకులు లోపలికి జరిపితే దారి వస్తుంది. కానీ క్రేన్‌కి చోటు తగ్గుతుంది, పని ఆలస్యమవుతుంది. మా మేనేజరు ఒప్పుకోడు."

"అడిగారా?"

"అడిగితే నన్ను ఈ పనిలోంచి తీసేస్తాడు."

"మామ్మగారి మోకాలు చూశారుగా. ఆపైన మీ ఇష్టం," అంది. అని, అతని తడిసిన చేతిలో తన రుమాలు పెట్టి వెళ్లిపోయింది.

తర్వాత కొన్నాళ్లు అతను కనబడలేదు. సైట్ దగ్గర వేరే ఎవరో హెల్మెట్ పెట్టుకుని తిరుగుతుంటే ఆమె సైకిలు ఆపేసింది. నా మాట విని ఉద్యోగం పోగొట్టుకున్నాడా? ఆ సాయంత్రం మామ్మ ఇంటికి పరుగు పరుగున వెళ్లింది.

"నాకు అంతా చెప్పేశాడు," అంది మామ్మ. "ఆ ఇంజనీరు నేనే నానమ్మా అని."

"బెంచీ ఎక్కించారా?"

"ఎక్కించేదాన్నే. మేనేజరు కాదంటే, వీడు ఆయన్ని కుర్చీలోంచి లేపి ఆ డైవర్షన్‌లో నడిపించాడట! వానలో, లారీల పక్కన. సగం దూరంలోనే ఆ మహానుభావుడు సరేనన్నాడట. కొత్త దారి గీయడానికి వీడు పగలంతా ఆఫీసులోనే ఉంటున్నాడు." మామ్మ ఆమెని ఎగాదిగా చూసింది. "అవునూ, నువ్వెందుకమ్మా అలా రొప్పుతున్నావు?"

"సైకిలు... స్పీడుగా తొక్కానండీ."

"సైకిలేనా?"

ఆమె మొహం కందిపోయింది.

దారి తెరిచిన రోజు పేటంతా బయటే ఉంది. లారీలకీ మనుషులకీ మధ్య బలమైన సిమెంటు దిమ్మెలు. ఒక పక్క నడిచేవాళ్లకి, ఒక పక్క సైకిళ్లకి. మెట్టు ఉన్న చోటల్లా నున్నటి వాలు. మామ్మ చేతికర్రతో అడుగు వేసింది. పక్కనే డాక్టరమ్మ సైకిలు నడిపిస్తూ.

"నొప్పి ఉందా మామ్మగారూ?"

"ఉంటే ఉండనీవే. పార్కు కనిపిస్తోంది!"

అవతలి చివరనుంచి అతను ఎదురొచ్చాడు. దారి మధ్యలో ఆగాడు. ఆమె కూడా ఆగింది.

"దారి ఎలా ఉందండీ?"

"బాగుంది. మలుపు దగ్గర కొంచెం ఇరుకు."

"సరిచేయిస్తాను. ఇంకో మాట..." అతని చెవులు ఎర్రబడ్డాయి. "రోజూ పొద్దున మీ పక్కన సైకిలు తొక్కాలనుంది. ఫ్లైఓవర్ అయిపోయాక కూడా. మీకు... మీకు నేను ఇష్టమేనా?"

ఆమె నోరు తెరవబోయింది.

అంతలో వెనకనుంచి ట్రింగ్ మని ఒక బెల్లు. దాని వెనక ఇంకోటి. ఆపైన బెల్లులే బెల్లులు. చూస్తే ఆమె సైకిలు దారికి అడ్డంగా ఉంది, అతను రెండో పక్క అడ్డంగా ఉన్నాడు. వెనక పేటంతా ఆగిపోయింది.

"ఇంజనీరు గారూ! మళ్లీ దారి మూసేశారా?" ఎవరో అరిచారు. ఒకటే నవ్వులు.

మామ్మ కర్రతో నేల మీద టకటకా కొట్టింది. "ఏమే, వాడికి జవాబు చెప్పు! నాకు ఇష్టమే. ఇంక నీదే ఆలస్యం. జనం వెళ్లాలి!"

"ఇష్టమే!" ఆమె గట్టిగా అరిచేసింది. పార్కు దాకా వినపడింది.

ఇద్దరూ ఒకేసారి ఒకే పక్కకి తప్పుకోబోయి ఢీకొట్టుకున్నారు. నవ్వుతూ చేతులు పట్టుకుని దారిచ్చారు. సైకిళ్లు బెల్లులు మోగించుకుంటూ వాళ్ల పక్కనుంచి సాగిపోయాయి. ఆ మోత ఆగేదాకా అతను ఆమె చెయ్యి వదల్లేదు. ఆగాక కూడా వదల్లేదు.