అమ్మ పుచ్చుకోని కోడి

వరహాలరావు కొత్త జీపు కొన్నది రెండువేల మూడులో, అరకు నుంచి శృంగవరపుకోటకి సర్వీసు తిప్పుకుందామని. విశాఖ షోరూములో పనిచేసే అజయ్, స్వయానా చెల్లెలు రమణి మొగుడు, దగ్గరుండి ఇప్పించాడు. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు కూడా విప్పలేదు. ఆ కొత్త వాసనకే మురిసిపోయాడు మనిషి.

ఘాట్ రోడ్డెక్కే కొత్త బండి ఏదైనా మధ్యదారిలో అమ్మవారి రాయి దగ్గర ఆగి, చక్రానికి కోడి ఇవ్వాల్సిందే. వరహాలరావు కూడా నల్లపుంజుని పట్టుకెళ్లాడు. పూజారి సోములు బండి చుట్టూ తిరిగి చూసి, పుంజుని మళ్లీ అతని చేతిలోనే పెట్టేశాడు.

“దీనికి కోడి అయిపోనాది బాబూ. నానే కోసినాను. ఒక బండికి రెండోపాలి అమ్మ పుచ్చుకోదు.”

“నిన్ననే షోరూములోంచి తెచ్చిన బండి తాతా ఇది!” అని నవ్వేశాడు వరహాలరావు. ముసలాడికి మతి పోయిందనుకున్నాడు.

ఆ రాయి పక్క మలుపులోనే మొదలైంది గొడవ. పొద్దుగూకే వేళ అక్కడికి రాగానే ఇంజన్ ఆగిపోయేది. కాసేపటికి దానంతటదే స్టార్టయ్యేది. వారంటీ ఉంది కదాని షోరూముకి తీసుకెళ్తే పంపు మార్చారు, వైరింగు మార్చారు, ఆఖరికి లోపమేమీ లేదని చేతులు దులుపుకున్నారు. ప్యాసింజర్లు ఎక్కడం మానేశారు. బతుకుతెరువే ఆ బండాయె. ఒళ్లు మండి, అజయ్‌ని అరకు రప్పించి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

“నువ్వే చూడు, ఏటవుతాదో.”

“కొత్త బండికి ఏమవుతుంది బావా?” అన్నాడు అజయ్. కానీ మలుపు దగ్గరపడేకొద్దీ అతని మాట తగ్గిపోయింది.

మంచు కమ్మేసింది. కాఫీ తోటల్లోంచి తడి ఆకుల వాసన వస్తోంది. రాయి కనబడింది... ఇంజన్ ఆగింది.

వెనక తలుపు టక్‌మంది.

ఇన్నాళ్లూ ఇంజన్ ఆగడమే. ఇది ఎప్పుడూ లేదు. తలుపు తెరుచుకుంది... ఎవరో ఎక్కినట్టు బండి వెనక్కి కుంగింది... తలుపు మూసుకుంది. నీళ్లోడుతున్న బట్టల వాసన.

వరహాలరావు మెడ తిప్పలేకపోయాడు. అజయ్ కూడా తిరగలేదు. ముందు అద్దంలోంచి రోడ్డునే చూస్తూ గొణిగాడు.

“సుక్రూ... బ్రేకు బాగున్నాదని షోరూమోళ్లు సెప్పమంటేనే సెప్పినాను రా...”

“సుక్రు ఎవుడు?” అన్నాడు వరహాలరావు.

“ముందు కొన్నోడు బావా... ఈ మలుపులోనే లోయలో ఏట్లోకి పడిపోనాడు... బండి బాగుసేసి, రంగేసి...”

“కొత్తదని నాకంటగట్టినావా?”

అజయ్ ఏడ్చేశాడు. వెనక కూర్చున్నదాని కన్నా ఆ ఏడుపే వరహాలరావుని ఎక్కువ కోసింది. పరాయివాడు చేసిన మోసమైతే తిట్టుకుని ఊరుకునేవాడు.

ఇంజన్ స్టార్టయింది. వరహాలరావు బండిని కోట దాకా తోలాడు. అక్కడ అజయ్ ఇంటి ముందు ఆపగానే అతను దిగి, వెనక్కి చూడకుండా లోపలికి పరిగెత్తాడు.

వెనక తలుపు టక్‌మంది. కుంగిన బండి మెల్లగా పైకి లేచింది...

పీడ వదిలిందనుకున్నాడు వరహాలరావు. చేసినవాడి వెంటే పోయింది, బాగా అయింది అనుకున్నాడు. ఆ ఇంట్లో తన చెల్లెలుందని ఆ తర్వాత గుర్తొచ్చింది. దిగి గుమ్మం వైపు ఉరికాడు.

అప్పటికే రమణి గుమ్మంలోకి వచ్చింది. అన్నని చూసి నవ్వింది. అతని పక్కగా చీకట్లోకి చూసి కొంగు సర్దుకుంది.

“ఏటన్నియ్యా, తడిసిపోయిన మనిషిని అలా బయట నిలబెట్టేసినావు?” అంటూ పక్కకి జరిగి దారిచ్చింది. “రండి బాబూ, లోపలికి రండి.”