దిండమ్మ చూసిన ప్రకటనలు

మా అమ్మమ్మను మేం ముమ్మో అనేవాళ్లం. ఊరికే వస్తోందంటే ముమ్మో దేన్నీ వదిలేది కాదు. బ్యాంకులో పెట్టే పెన్నులు, చర్చిలో మిగిలిన బిస్కెట్లు, చివరికి ఆ టీవీ.

సగం గోడ ఆక్రమించేంత టీవీ. కట్టాల్సిందేమీ లేదు, ప్రకటనలు చూస్తే చాలు. పెద్ద తెర కింద జానెడు ఎత్తున ఇంకో తెర ఉంటుంది, గోడ పొడవునా పట్టీలాగా. పైన మనం ఏం చూసుకుంటున్నా ఆ పట్టీలో ప్రకటనలు నడుస్తూనే ఉంటాయి. దాన్ని ఆపడానికి మీట లేదు. పైఅంచు మీద ఒక నల్ల కన్ను ఉంటుంది. గదిలో ఎవరు కూర్చున్నారో, పట్టీలో దేని మీద చూపు నిలిపారో ఆ కన్ను కనిపెడుతుంది. మనం దేన్ని ఎక్కువసేపు చూస్తే అలాంటివే మళ్లీ మళ్లీ చూపిస్తుంది. ఆ వస్తువు మన చేతికి వచ్చేసిందని తెలిస్తే, ఇక దాని జోలికి పోదు. కన్నుకు గుడ్డ కప్పకూడదు. రోజూ ఎవరో ఒకరు ఎదురుగా కూర్చోవాలి. లేకపోతే కంపెనీ మనుషులొచ్చి టీవీ పట్టుకుపోతారు. ఇవీ షరతులు.

"కూర్చోమన్నారు, అంతేగా. పరిగెత్తమనలేదుగా" అంది ముమ్మో.

పొద్దుటి నుంచి చీకటి పడేదాకా కిటికీ పక్క కుర్చీలో అల్లిక పెట్టుకుని కూర్చునేది. పట్టీలో చేతికర్రలు, కట్టుడు పళ్లకు పెట్టే జిగురు, ఊలు ఉండలు వచ్చేవి. "మీ తాతకు చచ్చేదాకా తెలియనిది దీనికి వారంలో తెలిసిపోయింది" అని నవ్వేది.

మాది అమెరికాలో డులూత్ అనే ఊరు. కొండవాలు మీద ఒక చెక్క ఇంటి పైఅంతస్తు. వంటింటి కిటికీలోంచి చూస్తే కింద వీధి, ఆ కింద సరస్సు. మా అమ్మ ఇనుప ఖనిజం మోసే ఓడలో వంటమనిషి. మంచు కరిగినప్పుడు ఎక్కితే మళ్లీ సరస్సు గడ్డకట్టాకే దిగుతుంది. ఓడ ఒడ్డుకు దగ్గరగా వచ్చిన సాయంత్రాల్లో ఆ టీవీకే ఫోన్ చేసేది. పిండి అంటిన అమ్మ ముఖం గోడంతా నిండేది. రెండో తరగతి చదివే మా చెల్లెలు లినియా వెళ్లి ఆ చెంప మీద అరచెయ్యి ఆనించి నిలబడేది.

అక్టోబరులో ముమ్మో పోయింది. అమ్మ ఓడ దిగి, పాతిపెట్టి, మళ్లీ ఓడ ఎక్కింది. ఇంట్లో నేనూ లినియా మిగిలాం. నేను వృద్ధాశ్రమంలో దుప్పట్లు ఉతికే పనికి పోతాను, అది బడికి. పగలంతా ఇల్లు ఖాళీ.

వారం తిరగకుండానే పెద్ద తెర మీద అక్షరాలు పడ్డాయి. మీరు కనిపించడం లేదు. అంతా బాగానే ఉందా? ఆ తర్వాత ఇంకొకటి. మా టీవీని వెనక్కి తీసుకోవాల్సి వస్తుంది.

"మరి అమ్మ ఎలా వస్తుంది?" అంది లినియా.

"నా ఫోన్‌లో వస్తుందిలే."

"నీ ఫోన్‌లో అమ్మ బొటనవేలంత ఉంటుంది."

దానికి ఇక ఏడుపు ఒక్కటే తక్కువ. అందుకే ఆ ఆదివారం ఇద్దరం కలిసి ఒక బొమ్మను తయారు చేశాం. పొలంలో పిట్టలను బెదిరించడానికి పెడతారే, అలాంటిది. రెండు దిండ్లు ఒకదాని మీద ఒకటి పెట్టి కుట్టి, ముమ్మో కుర్చీలో కూర్చోబెట్టాను. ముమ్మో ఊదారంగు స్వెటర్ తొడిగాం. పైదిండుకు ఊలు టోపీ. లినియా రంగు పెన్సిలు పట్టుకొచ్చింది కానీ ముఖం మాత్రం గీయనివ్వలేదు నేను. ఎందుకో మనసొప్పలేదు.

నల్ల కన్ను దాన్ని పట్టించుకోలేదు. అప్పుడు నాకు తట్టింది. ముమ్మో నడుంనొప్పికి వాడిన హీటింగ్ ప్యాడ్ తెచ్చి స్వెటర్ లోపల దోపి, ప్లగ్గు పెట్టాను.

"అదెందుకక్కా?"

"వెచ్చగా లేకపోతే మనిషని లెక్కపెట్టదు."

కాసేపటికి గదిలో వేడెక్కిన ఉన్ని వాసన లేచింది. తెర వెలిగి అక్షరాలు పడ్డాయి. కొత్తవాళ్లు వచ్చినట్టున్నారు. మీ పేరు?

"ముమ్మో అని రాయకు" అంది లినియా గట్టిగా. "ముమ్మో కాదుగా."

"మరేం రాయను?"

"దిండమ్మ."

స్వాగతం, దిండమ్మా, అంది తెర. పొట్ట పట్టుకుని నవ్వాం. ముమ్మో పోయాక ఆ ఇంట్లో నవ్వడం అదే మొదలు.

మొదట్లో పట్టీలో ఏవేవో వచ్చేవి. కార్లు, పిజ్జాలు, పళ్లపొడి. దిండుకు ఏం కావాలో పాపం దానికెలా తెలుస్తుంది అనుకున్నాను. తర్వాత చేతితొడుగులు మొదలయ్యాయి. తోలువి, ఊలువి, ఆడవాళ్లవి. పొద్దున చూసినా అవే, సాయంత్రం చూసినా అవే. ఆ స్వెటర్ చేతులు ఖాళీగా వేలాడుతుంటాయి కదా. ఆ ఆలోచన వచ్చి నాలో నేనే నవ్వుకున్నాను.

ఒకరోజు పని నుంచి వచ్చేసరికి స్వెటర్ చేతుల చివర ముమ్మో చేతితొడుగులు ఉన్నాయి. మోకాళ్ల మీద పెట్టినట్టు, పక్కపక్కనే. పట్టీలో చేతితొడుగులు రావడం మానేశాయి.

"నువ్వే కదూ?" అన్నాను లినియాతో.

"ఆమెకు కావాలంట."

"ఎవరు చెప్పారు?"

లినియా పట్టీ వైపు చూపించింది. అప్పుడు అందులో కళ్లజోళ్లు నడుస్తున్నాయి.

మర్నాటికి ముమ్మో కళ్లజోడు ముఖం లేని ఆ దిండు మీద, టోపీ కింద. కళ్లజోళ్లు ఆగిపోయాయి. జుట్టు మొదలైంది. సవరాలు, విగ్గులు, గాలికి ఊగే బంగారు రంగు జుట్టు. ఆ శుక్రవారం లినియాకు తల దువ్వుతుంటే కుడి జడ నా చేతిలోకి పొట్టిగా వచ్చింది. చివర బెత్తెడు లేదు. కత్తిరించినట్టుంది.

"ఏం చేశావే?"

"కొంచెమే అడిగింది."

దిండమ్మ టోపీ లాగి చూశాను. లోపల ఆ బెత్తెడు జడ, రిబ్బనుతో సహా. తీసి పొయ్యిలో పడేశాను. కత్తెర పై అరలో దాచాను. ఆ రాత్రే బొమ్మను విప్పేయాల్సింది. కానీ మర్నాడు అమ్మ ఫోన్ చేసే రోజు. ఇంకొన్నాళ్లలో సరస్సు ఎలాగూ గడ్డకడుతుంది, అమ్మ వచ్చేస్తుంది, అప్పుడు టీవీ ఎవరు పట్టుకుపోతే ఏంటి అనుకున్నాను.

ఆ తర్వాత పట్టీలో పిల్లల మంచాలు వచ్చాయి. పూల దుప్పట్లు, చిన్న దీపాలు, పుస్తకాల సంచులు, రెండో తరగతి పిల్లల బూట్లు. హమ్మయ్య అనుకున్నాను. ఇన్నాళ్లకు ఆ కన్ను లినియాను గుర్తుపట్టింది, ఇక చూపించేవన్నీ దానికోసమే అని.

అవి లినియా కోసం కాదని నాకు అప్పుడు తోచలేదు.

తుఫాను వచ్చిన సాయంత్రం అయిదు కాకముందే కటిక చీకటి. మంచు అడ్డంగా కొడుతోంది. నేనెక్కిన బస్సు కొండ సగం ఎక్కి ఆగిపోయింది. చక్రాలు తిరుగుతున్నాయి, బండి కదలదు. "దీనికి నాకంటే తెలివి ఎక్కువ, ఇంటికి పోదామంటోంది" అన్నాడు డ్రైవర్. ఎవరూ నవ్వలేదు. లినియా బడి నుంచి వచ్చి చాలాసేపయి ఉంటుంది. ఫోన్ తీసేలోపే అది మోగింది.

అమ్మ. ఇంజను హోరులో గొంతు సగం సగం వినిపిస్తోంది.

"సిల్వీ, ఇప్పుడే ఇంటికి చేశాను. చెప్పనేలేదేంటే, మనిషిని పెట్టావని?"

"ఏ మనిషిని?"

"పిల్లను చూసుకోడానికి పెట్టావుగా. ముమ్మో కుర్చీలో కూర్చుంది. లినియాను ఒళ్లో పెట్టుకుని జడలు వేస్తోంది. ముమ్మో స్వెటర్ ఇచ్చావేంటి ఆమెకి?"

ఫోన్ చెవికి అదిమి పట్టుకున్నాను.

"అమ్మా... ముఖం చూశావా?"

"పిల్ల అడ్డంగా ఉంది, కనిపించలేదు. మర్యాదస్తురాలే. నువ్వు ఆలస్యంగా వస్తావని చెప్పింది."

"ఎవరు చెప్పారు? లినియానా?"

"కాదే, ఆమే. గొంతు కాస్త... ఎలా చెప్పను, గుడ్డ అడ్డం పెట్టుకుని మాట్లాడినట్టు..."

లైను తెగిపోయింది.

బస్సు తలుపు తెరవమని అరిచాను. కొండ మీదికి పరిగెత్తాను. పడ్డాను. లేచాను. మంచు నోట్లోకి, కళ్లలోకి. మా వీధి మొదట్లో నిలబడి పైకి చూస్తే మా కిటికీలో వెలుతురు. పసుపు రంగు కాదు. తెల్లగా, కదలకుండా.

మెట్ల మీదే వాసన తగిలింది. వేడెక్కిన ఉన్ని. తలుపు తోశాను.

దీపాలు లేవు. పెద్ద తెర నల్లగా ఉంది. పట్టీ ఒక్కటే వెలుగుతోంది, తెల్లగా. అందులో ఏమీ లేదు. మంచాలు లేవు, బూట్లు లేవు. మొట్టమొదటిసారి ఆ పట్టీ ఖాళీగా ఉంది. కావాల్సినవన్నీ దొరికినవాళ్లకు చూపించడానికి ఇంకేం ఉంటుంది...

కుర్చీలో లినియా కూర్చుని ఉంది. భుజాల మీద ఊదారంగు స్వెటర్. చేతులు రెండూ మోకాళ్ల మీద, పక్కపక్కనే.

"లినియా."

"వచ్చావా అక్కా."

పట్టుకుని తడిమి చూశాను. దెబ్బల్లేవు. రక్తం లేదు.

"ఎవరొచ్చారు ఇంటికి?"

"ఎవరూ రాలేదు."

"అమ్మ ఎవరినో చూసిందట."

"అమ్మతో మాట్లాడాం."

"మాట్లాడాం అంటే... ఎవరెవరు?"

కుర్చీ వెనక చీకట్లో దిండమ్మ పడి ఉంది. దుప్పటి చుట్టుకుని, గోడ వైపు తిరిగి.

టీవీ ప్లగ్గు పీకేశాను. పట్టీ ఆరిపోయింది. వంటింట్లోంచి నల్లసంచి తెచ్చి, బొమ్మ వైపు చూడకుండా, దుప్పటితో సహా అందులోకి కుక్కి మూతి బిగించాను. బరువుగా ఉంది. రెండు దిండ్లకు అంత బరువేంటి అనుకున్నాను. సంచి మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగిలింది. హీటింగ్ ప్యాడ్ అనుకున్నాను. మెట్ల మీద సంచి చేతిలోంచి జారి రెండు మెట్లు దొర్లింది. లోపలి నుంచి... చిన్నగా... ఊపిరి వదిలినట్టు. దిండ్లు నొక్కితే గాలి వస్తుంది కదా అనుకున్నాను. వీధిలో మా చెత్తడబ్బాలో వేసి, మూత మూసి, ఒక్క పరుగున పైకి వచ్చాను.

హీటింగ్ ప్యాడ్ కుర్చీ కింద ఉంది. ప్లగ్గు ఊడి ఉంది. ముట్టుకుంటే చల్లగా ఉంది.

లినియాకు మాకరోనీ వేడిచేసి పెట్టాను. ఎప్పుడూ సగం తిని సగం బల్ల మీద చల్లే పిల్ల, పళ్లెం శుభ్రంగా ఖాళీ చేసింది. భయపడి ఉంటుందిలే. మంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పుతుంటే పాదాలు తగిలాయి. ఎంత చల్లగా ఉన్నాయో. నా అరచేతుల్లో పెట్టుకుని రుద్దాను. వేడెక్కలేదు.

"అక్కా" అంది మెల్లగా. "ఆ ప్యాడ్ నా కింద పెట్టవా?"

"చలేస్తోందా బంగారం?"

"లేదు. వెచ్చగా లేకపోతే నన్ను లెక్కపెట్టరు."

ఆ మాట నేనన్నదే. నా నోటి నుంచి విన్నదే. పిల్లలు విన్నవన్నీ అంటారు. అలా నాకు నేనే చెప్పుకుంటూ దాని తల నిమిరాను. రెండు జడలు దిండు మీద పరుచుకుని ఉన్నాయి. చక్కగా అల్లి ఉన్నాయి. పొడవు రెండూ సమానం.

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ప్యాడ్ తెస్తానని చెప్పి వంటింట్లోకి వచ్చాను. దీపం వెయ్యలేదు. కిటికీ అద్దం తుడిచి కిందికి చూశాను. తుఫాను తగ్గింది. పెద్ద పెద్ద మంచు రేకులు నెమ్మదిగా దిగుతున్నాయి. వీధి పొడవునా అందరి చెత్తడబ్బాల మీద జానెడు మంచు పేరుకుంది. మా డబ్బా మూత ఒక్కటే నల్లగా, తడిగా ఉంది. దాని మీద పడ్డ మంచు పడ్డట్టే కరిగిపోతోంది. అంచుల్లోంచి సన్నగా ఆవిరి.

గుమ్మం దగ్గర వంగి ఒక బూటు తొడుక్కున్నాను. చప్పుడు కాకుండా. రెండోది తొడుక్కుంటున్నాను.

పడకగదిలోంచి చెల్లెలి గొంతు వచ్చింది. మెత్తగా. గుడ్డ అడ్డం పెట్టుకున్నట్టు.

"ఎక్కడికక్కా? పొద్దున్నే చెత్తబండి వచ్చి తీసుకెళ్తుందిగా."